వార్తలో లేనివాళ్ల స్టూల్

మా మేడ మీద ఉండే సార్ పోయారన్న సంగతి నాకు అద్దంలోంచి తెలిసింది.

అబిడ్స్‌లో నేను పనిచేసే బట్టల షాపుకు ముందు భాగమంతా అద్దమే. ఆ మధ్యాహ్నం ఒక పెద్దావిడకు పట్టుచీర కొంగు విప్పి చూపిస్తున్నాను. తలెత్తితే అద్దానికి అవతల మా ఆయన నిలబడి ఉన్నాడు, ఖాకీ చొక్కాతోనే. లోపలికి రాలేదు. ఆ షాపులోకి అతను ఎప్పుడూ రాడు. పొద్దున సార్‌కు గుండెలో నొప్పి వస్తే తన ఆటోలోనే దవాఖానకు తీసుకుపోయాడు. "ఏం గాదు, నువ్వు డ్యూటీకి పో" అని నాకు చెప్పి మరీ పోయాడు. ఇప్పుడు అవతలి నుంచి నన్ను చూసి, చెయ్యి కొంచెం పైకెత్తి, అరచెయ్యి వెల్లకిలా తిప్పాడు. అంతే.

"ఇందులో మెరూన్ ఉందా?" అని అడిగింది పెద్దావిడ.

"ఉందమ్మా" అన్నాను. తీసి చూపించాను. ఆమె కుర్చీలో కూర్చునే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, రంగు నచ్చలేదని లేచి వెళ్లిపోయింది. విప్పిన చీరలన్నీ మడత పెట్టాను. మడతలు సరిగ్గానే వచ్చాయి. మళ్లీ తలెత్తేసరికి అద్దం అవతల మా ఆయన లేడు. రోడ్డు మీద ఎప్పటిలాగే జనం పోతున్నారు. నాకు నా కాళ్ల నొప్పి తెలుస్తోంది, ఇంకేమీ తెలియలేదు. ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాను. రాలేదు. ఇప్పటికీ రాలేదు.

సార్ గురించి రాయమని ఆయన దగ్గర చదువుకున్న పిల్లలు అడిగారు. నేను ఏడో తరగతి వరకే చదివాను. తెలిసినట్టు రాస్తున్నాను.

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఒక పాత ఇంట్లో కింద ఒక గది, వంటగది మాకు కిరాయి. పైన సార్ ఒక్కరే ఉండేవారు. ఆయన భార్య నేను రాకముందే పోయారట. దగ్గరలోని ఒక బడిలో సోషల్ చెప్పేవారు. రిటైర్ కావలసిన వయసు దాటినా బడివాళ్లు ఉండమంటే ఉన్నారు. ఆదివారం పొద్దున మాత్రం మా ఇంటి మిద్దె మీద, ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు అర్థశాస్త్రం చెప్పేవారు. ఫీజు లేదు. పుస్తకం కూడా లేదు. చేతిలో ఆ వారం పేపరు ఒకటి, చెప్పవలసిన వార్త బయటికి కనబడేలా మడిచి ఉండేది.

"అర్థశాస్త్రం పుస్తకం చివర్ల పెట్టిన్రు. పరీక్షల ముంగట బట్టీ కొడుతరు. గానీ మనిషికి పొద్దున లేవంగనే మొదలైతది అది" అని మా ఆయనతో ఒకసారి అన్నారు. మా ఆయన తల గోక్కుని, "నాకైతే లేవకముందే మొదలైతది సార్, గ్యాస్ లైన్ల నిలవడాలె గద" అన్నాడు. ఆటోలో గ్యాస్ కొట్టించుకోవడానికి తెల్లవారకముందే పోవాలి మరి. సార్ నవ్వి, ఆ మాటను మరుసటి ఆదివారం పిల్లలకు చెప్పారు.

సార్ ఎవరినీ బాగున్నారా అని అడిగేవారు కాదు. కూరగాయల బండి ఆమెనైనా, ఇస్త్రీ అతన్నైనా, మా ఆయన్నైనా ఒకటే అడిగేవారు: "గిరాకి ఎట్లుంది?" ఎందుకలా అని గల్లీలో ఎవరో అడిగితే, "బాగున్నరా అంటే అందరు బాగున్నమనే అంటరు. గిరాకి ఎట్లుందంటే నిజం చెప్తరు" అన్నారు. నేను పనికి పోకముందు, ఇంట్లోనే ఉండే రోజుల్లో, మెట్లు దిగుతూ మా తలుపు దగ్గర ఆగి, "వంటింట్ల గిరాకి ఎట్లుంది బిడ్డా?" అనేవారు. నాకు మాట వచ్చేది కాదు. తలుపు చాటు నుంచి నవ్వేదాన్ని. ఆ నవ్వు ఆయనకు కనబడేది కాదు, అయినా జవాబు విన్నట్టే తల ఊపి వెళ్లేవారు.

స్టూల్ సంగతి చెప్పాలి. మా పెళ్లయిన ఏడాది నాంపల్లిలో ఏటా జరిగే ఎగ్జిబిషన్, అదే నుమాయిష్‌కు పోయినప్పుడు మా ఆయన కొనిచ్చిన చెక్క స్టూల్ అది. పొయ్యి దగ్గర దాని మీదే కూర్చుని కూర తరుగుతాను. ఒక ఆదివారం సార్ వచ్చి గడప బయటే నిలబడి అడిగారు.

"బిడ్డా, నీకాడ స్టూల్ ఉందట గద. జర ఇస్తవా? మా కుర్చీలన్ని ఒక్కతీరుగున్నయ్. నాకు వేరేది కావాలె."

ఎందుకని నేను అడగలేదు. ఇచ్చాను. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఎదురింటి అమ్మాయి, తొమ్మిదో తరగతి పిల్ల, పరుగున వచ్చి తలుపు కొట్టేది. "అక్కా, స్టూల్!"

మా వంటింటి కిటికీకి పక్కనే మిద్దె మెట్లు. పైన మాట్లాడేది కిందికి బాగా వినిపిస్తుంది. అలా విని విని ఆ పాఠం ఎలా నడుస్తుందో నాకు తెలిసింది. ముందు ఒకరు వార్త గట్టిగా చదువుతారు. తర్వాత సార్ అడుగుతారు: "ఈ వార్తల ఎవరెవరున్నరు?" రైతు అంటారు ఒకరు, కమీషన్ ఏజెంటు అంటారు ఒకరు, సర్కారు అంటారు ఒకరు. ఎవరు ఏ పేరు చెబితే వాళ్లే ఆ మనిషి. నీళ్ల ట్యాంకు దగ్గర ఒకరు, పిట్టగోడ దగ్గర ఒకరు, ఎవరి కుర్చీ వాళ్లకు. ఆ మనిషిలాగే మాట్లాడాలి. "నాకేమనిపిస్తుందంటే సార్" అని ఎవరైనా మొదలుపెడితే, "నీకేమనిపిస్తదో తర్వాత. ముందుగాల ఆయనకు ఏమైతదో చెప్పు" అనేవారు.

అందరూ మాట్లాడాక మధ్యలో నా స్టూల్ మిగిలేది. అది వార్తలో పేరు లేనివాళ్లది. "పేపర్ల లేడు, గానీ ఈ వార్త పోయి ఆయనకు తగిలింది. ఎవరాయన?" అని సార్ అడిగేవారు. అది చెప్పగలిగినవాళ్లు స్టూల్ మీద కూర్చోవచ్చు. పిల్లలకు దాని మీద కూర్చోవడం అంటే చాలా గొప్ప.

పిల్లల్లో ఒకడు ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి వ్యాపారం చేసేవాళ్ల అబ్బాయి. వాడికి ఏ వార్త వచ్చినా సేటు వేషమే కావాలి. "సార్, సేటు నేనే! మా తాత ఎట్ల మాట్లాడుతడో నాకు తెలుసు" అనేవాడు. నిజంగానే గొంతు లావు చేసి, "ఏమయ్యా, పొద్దుగాల పొద్దుగాల బేరమా?" అంటుంటే కింద నేను చేస్తున్న పని ఆపి వినేదాన్ని.

పాఠం అయ్యాక స్టూల్ మాత్రం సార్ స్వయంగా తెచ్చేవారు. పిల్లల చేతికి ఇచ్చేవారు కాదు. గడప బయట పెట్టి, "ఇయ్యాల దీని మీద ఎవరు కూసున్నరో తెలుసా బిడ్డా?" అనేవారు. అక్కడే నిలబడి చెప్పేవారు. తర్వాత అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పెట్టే పాత పుస్తకాల దగ్గరికి నడిచి పోయేవారు.

ఉల్లిగడ్డ రేటు బాగా పెరిగిన వారం పైనుంచి ఒకటే నవ్వులు వినబడ్డాయి. సార్ స్టూల్ తెచ్చి, ముఖం గంభీరంగా పెట్టి, "ఇయ్యాల నీ స్టూల్ మీద క్యాబేజి కూసుంది" అన్నారు. నేను ఏమీ అర్థం కాక చూశాను. "బండి మీద నూడిల్స్ అమ్మేటోడు ప్లేట్ రేటు పెంచితే గిరాకి పోతది. పెంచకపోతే ఆయన మునుగుతడు. అందుకని ఉల్లిగడ్డ తీసి క్యాబేజి ఏసిండు. తినేటోనికి రేటు పెరిగిందని తెల్వదు, గానీ పెరిగింది. మన సేటు కనిపెట్టిండు. వానికి తిండి మీద సోయి ఎక్కువ." ఆ వారమంతా క్యాబేజీ తరుగుతున్నప్పుడల్లా నాకు నవ్వొచ్చింది. సామాను రేటు మారకుండా సామానే చిన్నదైపోవడం, సబ్బు పలచబడడం, బిస్కెట్ ప్యాకెట్‌లో గాలి పెరగడం, అన్నీ అప్పటి నుంచి కనబడ్డాయి. ముందు కూడా ఉన్నవే. కనబడలేదు.

కొన్ని ఆదివారాలు స్టూల్ ఖాళీగానే ఉండిపోయేది. అప్పుడు సార్ దాన్ని దించి, "ఇయ్యాల ఎవ్వరు దొర్కలే. నువ్వు జర ఆలోచించు" అని వెళ్లిపోయేవారు. మాటవరసకు అంటున్నారనుకునేదాన్ని. ఒకసారి మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగిపోయాయని, బంగారం షాపులు, బట్టల షాపులు, ఫంక్షన్ హాళ్లు ఖాళీగా ఉన్నాయని వార్త. పైన పంతులు గారు మాట్లాడారు, హాలు ఓనరు మాట్లాడాడు, వంటవాళ్లు మాట్లాడారు. స్టూల్ మాత్రం ఖాళీగానే దిగింది. ఆ వారం నాకు వేరే పని తోచలేదు. ఒక సాయంత్రం సార్ మెట్లెక్కుతుంటే తలుపు చాటు నుంచే అన్నాను.

"పెండ్లి బరాత్‌ల లైట్లు నెత్తిన పెట్టుకొని నడుస్తరు గద సార్. ఆ ఆడోళ్లు."

సార్ మెట్టు మీదే ఆగిపోయారు. "ఔ" అన్నారు. ఇంకేమీ అనకుండా పైకి పోయారు. తప్పు మాట్లాడానేమో అనుకున్నాను. ఆదివారం వంటింట్లో ఉన్నప్పుడు పైనుంచి ఆయన గొంతు వినిపించింది. "పోయిన వారం స్టూల్ ఖాళీగ పోలేదురా. కింది అక్క నింపింది." నేను చెప్పిన మాటను ఇంకొకరు ఇంకొకరికి చెప్పడం నాకు ఊహ తెలిశాక అదే మొదలు. పొయ్యి మీద పాలు పొంగి కిందంతా అయింది. తుడుచుకుంటూ కూర్చున్నాను.

ఆడవాళ్లకు బస్సులో టికెట్ అక్కర్లేదని సర్కారు అన్నప్పుడు సార్ మా ఆయన్నే పైకి పిలిచారు. ఆటోవాళ్లకు గిరాకి పడిపోయిందని పేపర్లో రోజూ వచ్చేది, అది మా ఇంట్లో జరుగుతున్నదే. మా ఆయన ఖాకీ చొక్కా వేసుకుని, పరీక్షకు పోతున్నట్టు పోయాడు. సేటు వేషం పిల్లవాడు అడిగాడు.

"అన్నా, మరి నువ్వు ఫ్రీ బస్సు వద్దంటవా?"

"నేనేడ వద్దంటరా తమ్మీ? నా పెండ్లామే పుట్టింటికి గా బస్సుల పోయొస్తది. వద్దంటే రాత్రికి నాకు బువ్వ ఉండది."

పైన అందరూ పగలబడి నవ్వారు. నవ్వు ఆగాక సార్ నెమ్మదిగా అడిగారు: "మరి ఆటోల తగ్గింది ఎవరు పూడుస్తున్నరు?" ఆ రోజు స్టూల్ దించినప్పుడు సార్ ఎవరు కూర్చున్నారో చెప్పలేదు. కింద పెట్టి, "గిరాకి ఎట్లుంది బిడ్డా?" అన్నారు. నేను మొదటిసారి తలుపు చాటు నుంచి బయటికి వచ్చి, "పనికి పోదామనుకుంటున్న సార్" అన్నాను. మా ఆయన మెట్ల మీదే ఉన్నాడు. విన్నాడు. వద్దనలేదు.

అలా అబిడ్స్ షాపులో చేరాను. ఇంటి నుంచి నడిచి పోవచ్చు, ఆదివారం సెలవు. పని కష్టం కాదు. చీరలు విప్పడం, మడవడం, అక్కా ఇది చూడండి, అమ్మా అది చూడండి అనడం. అలవాటైతే సిగ్గు కూడా కొంత పోతుంది. కానీ కూర్చోకూడదు. కొనేవాళ్లకు మెత్తటి కుర్చీలు ఉంటాయి. మాకు ఏమీ ఉండదు. జనం లేనప్పుడు కూడా నిలబడే ఉండాలి. కూర్చుంటే షాపుకు గిరాకి లేదనుకుని వచ్చేవాళ్లు వెనక్కి పోతారట. కొత్తలో నేను గోడకు ఆనుకుంటే, పక్కన పనిచేసే ఆమె నా మోచెయ్యి పట్టి లాగి, "ఆనుకోకు పిల్లా. గోడకు జీతం ఇస్తలేనని షాపాయన అంటడు" అంది. ఆమె నవ్వుతూనే అంది. ఆమె కాళ్ల మీద నరాలు తాళ్లలా తేలి ఉంటాయి.

ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. చెబితే మా ఆయన మానెయ్యమంటాడు. ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, తాళం తీసే ఓపిక లేక మెట్ల మీదే కూర్చుని పాదాలు పిసుక్కుంటున్నాను. సార్ బడి నుంచి వచ్చారు. లేవబోయాను.

"కూసో, కూసో. ఏమైంది కాళ్లకు?"

"ఏం లేదు సార్. అక్కడ కూసోనియ్యరు."

"అసలే కూసోనియ్యరా?"

"అన్నం తినేటప్పుడే సార్."

సార్ సంచిలోంచి పేపరు తీసి విసనకర్రలా ఊపుకుంటూ కింది మెట్టు మీద కూర్చున్నారు. ఇంకో రాష్ట్రంలో ఎక్కడో, షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చోవడానికి ఏదో ఒకటి ఇవ్వాలని చట్టం వచ్చిందని చెప్పారు. ఆ వార్త వచ్చి చాలా రోజులైందట. "అప్పుడు పిల్లలకు చెప్పలే. మన గల్లీలకు రాలేదనుకున్న" అన్నారు. తర్వాత నన్ను అడిగారు. "నువ్వు నిలవడ్డందుకు షాపాయనకు నాలుగు చీరలు ఎక్కువ అమ్ముడుపోతయనుకో. ఆ లాభం ఆయన లెక్కల ఉంటది. నీ కాళ్ల నొప్పి ఎవరి లెక్కల ఉంది?"

నేను ఆలోచించాను. "ఎవరి లెక్కల లేదు సార్."

"లేదు గద. ఖర్చేమో అయితనే ఉంది. గదే పాఠం. నాకు గింత సక్కగ చెప్పరాదు. వచ్చే ఆదివారం నువ్వు మీదికొచ్చి స్టూల్ మీద కూసొని చెప్పాలె."

"నాతోని కాదు సార్. గంతమంది ముంగట నాకు మాట రాదు. ఏడో తరగతే చదివిన."

"చదువుకున్నోళ్లకు కుర్చీలు మస్తున్నయ్ బిడ్డా. స్టూల్ వేరే."

ఆయన లేచి, మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కుతూ, "ఫికర్ చెయ్యకు. రాబుద్ధి కాకపోతే రాకు. స్టూల్ నీదే, యాడికి పోదు" అన్నారు. నాతో ఆయన మాట్లాడిన ఆఖరి మాట అదే. అప్పుడు తెలియదు కాబట్టి నేను జవాబు కూడా ఇవ్వలేదు. ఆ రాత్రి మా ఆయనకు సంగతంతా చెప్పాను. కాళ్ల సంగతి కూడా. అతను "పోయి చెప్పు. నేను చెప్పలే?" అన్నాడు. పోదామనే అనుకున్నాను. ఏం చెప్పాలో గిన్నెలు తోముతూ లోపల లోపల అనుకున్నాను కూడా. ఆదివారం రాకముందే సార్ పోయారు.

దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాక గల్లీ అంతా వచ్చింది. సార్ చెల్లెలు, ఆమె పిల్లలు వచ్చారు. బడి పిల్లలు యూనిఫాంతోనే వచ్చి గోడ వెంట నిలబడ్డారు. ఎవరో మంచినీళ్లు అడిగారు, ఇచ్చాను. చాయ్ పెట్టమన్నారు, పెట్టాను. చక్కెర సరిపోలేదంటే ఇంకా వేశాను. ఎవరో మా ఇంట్లోంచి స్టూల్ కూడా పట్టుకుపోయారు. తర్వాత చూస్తే వాకిట్లో దాని మీద నాకు తెలియని ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ కర్ర మీద పెట్టుకుని, సార్ ముఖం వైపే చూస్తున్నాడు. ఆయన ఎవరో, సార్ పోతే ఆయనకు ఏం పోయిందో నాకు తెలియదు. ఎవరు కూర్చున్నారో చెప్పే మనిషి చాప మీద పడుకుని ఉన్నారు.

అందరూ వెళ్లాక మా ఆయన గడపలో కూర్చుని ఒక మాట చెప్పాడు. "దవాఖానకు పోతుంటే ఎనకనుంచి అడిగిండు. ఎదను పట్టుకొనే అడిగిండు. గిరాకి ఎట్లుందిరా అని."

"మీరేమన్నరు?"

"మంచిగుంది సార్ అన్న." చేతులు చూసుకున్నాడు. "ఎన్నడు అబద్ధం చెప్పలే ఆయనకు. ఆ పొద్దు చెప్పిన."

నేను లేచి అన్నం పెట్టాను. ఇద్దరం తిన్నాం.

ఆదివారం వచ్చింది. ఇంక తలుపు ఎవరూ కొట్టరనుకున్నాను. కొట్టారు. ఎదురింటి అమ్మాయి నిలబడి ఉంది. ఎప్పటిలా అరవలేదు. "అక్కా, స్టూల్" అని మెల్లగా అంది. ఇచ్చాను. ఆ పిల్ల దాన్ని పట్టుకుని పోకుండా నిలబడింది.

"సార్ బడిలనే చెప్పిన్రు అక్కా. ఈ వారం వార్త నిలవడుడు అని. స్టూల్ మీద నువ్వే అని."

"పనుంది బిడ్డా" అన్నాను.

"మంచిది అక్కా" అని పోయింది.

పని ఉన్న మాట నిజమే. పొయ్యి మీద పప్పు ఉంది. స్టూల్ పైకి పోయింది కాబట్టి నిలబడే వంకాయలు కోశాను. పైన కుర్చీలు జరిపిన చప్పుడు వినిపించింది. వార్త చదివింది ఎవరో తెలియలేదు, గొంతు చాలా చిన్నగా ఉంది. తర్వాత, "ఈ వార్తల ఎవరెవరున్నరు?" అని పిల్లలందరూ ఒకేసారి అడిగారు. అడగవలసిన ఒక్కరు లేరు కదా. సేటు వేషం పిల్లవాడు "సేటు నేను" అన్నాడు కానీ గొంతు లావు చెయ్యలేదు. ఒకరు కొనేవాళ్లు, ఒకరు సర్కారు. తలా కొంచెం మాట్లాడారు. మాటలు మధ్యలో తెగిపోతున్నాయి. ఆ తర్వాత ఏమీ వినబడలేదు. స్టూల్ దాకా వచ్చారని నాకు తెలిసింది. వాళ్లు ఎదురుచూస్తున్నారు. నేను చాకు పట్టుకుని నిలబడే ఉన్నాను.

వాన మొదలైంది. పిల్లలు ఉరికి మెట్లగదిలోకి వచ్చిన చప్పుడైంది. స్టూల్ అక్కడే వదిలేసి ఉంటారు, తడుస్తుంది అనుకున్నాను. అంతే అనుకున్నాను. పొయ్యి ఆపి, కొంగు నెత్తిన కప్పుకుని మెట్లెక్కాను. మెట్లగదిలో ఇరుక్కుని నిలబడిన పిల్లలు నాకు దారి ఇచ్చారు.

సన్నటి వానే. మిద్దె అంతా అప్పటికే నల్లబడింది. మధ్యలో నా స్టూల్, చుట్టూ ఖాళీ కుర్చీలు. వంగి స్టూల్ పైకెత్తాను. దాని కింద, సరిగ్గా దానంత మేర, నేల తెల్లగా పొడిగా ఉంది. చూస్తుండగానే అందులో ఒక చినుకు పడింది. పక్కనే ఇంకొకటి పడింది. ఎందుకో చూడలేకపోయాను. స్టూల్‌ను మళ్లీ అక్కడే పెట్టేశాను. అలా పెట్టి నిలబడితే చెక్క తడుస్తోంది. తీస్తే నేల తడుస్తుంది. ఏం చెయ్యాలో తెలియక దాని మీద కూర్చున్నాను.

షాపులో ఇప్పటికీ మాకు కూర్చోవడానికి ఏమీ లేదు. ఇది రాస్తున్న రోజు కూడా నిలబడే వచ్చాను. అది చెప్పకపోతే అబద్ధమవుతుంది.

ఆ ఆదివారం మాత్రం నేను కూర్చునే ఉన్నాను. ముందుగా ఎదురింటి అమ్మాయి మెట్లగదిలోంచి బయటికి వచ్చి, తడిసిన తన కుర్చీలో కూర్చుంది. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఎవరి చోట్లో వాళ్లు కూర్చున్నారు. ఆఖరున సేటు వచ్చాడు. కుర్చీలో కూర్చోకుండా నా ముందు నిలబడ్డాడు. ముఖం మీద వాన నీళ్లు కారుతున్నాయి. ఒకసారి గొంతు సవరించుకుని, వాళ్ల తాత గొంతు తెచ్చుకున్నాడు.

"ఏమమ్మా, గిరాకి వచ్చింది కనవడ్తలేదా? లే!"

అందరూ నా వైపు చూశారు. వంటింట్లో ఎన్నిసార్లో అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"కాళ్లు నొస్తున్నయ్ సేటూ" అన్నాను.

లేవలేదు. పిల్లలు తర్వాతి మాట కోసం చూస్తున్నారు. వాన పెరగలేదు, ఆగలేదు. తల వంచి చూస్తే నా పాదాల వెనక, స్టూల్ కింద, నేల ఇంకా పొడిగానే ఉంది.